ఛాలెంజర్ డబుల్స్: కోల్‌కతా 2014, తెలుగు ఆటగాళ్లు

పురుషుల వృత్తి టెన్నిస్‌లో ఏటీపీ టూర్ కింద ఉండే రెండో అంచె టోర్నీలను ఛాలెంజర్ టోర్నీలంటారు. అలాంటి ప్రతి టోర్నీలో సింగిల్స్‌తో పాటు జోడీల పోటీ కూడా ఉంటుంది. 2014 ఫిబ్రవరిలో కోల్‌కతాలో జరిగిన ఇమామీ కోల్‌కతా ఓపెన్ ఛాలెంజర్‌లో డబుల్స్ టైటిల్‌ను సాకేత్ మైనేని, సనమ్ సింగ్ జోడీ గెలిచింది. ఫైనల్లో వాళ్ల ప్రత్యర్థులు దివిజ్ శరణ్, విష్ణువర్ధన్. సాకేత్ విజయవాడలో పుట్టి విశాఖపట్నంలో పెరిగినవాడు, విష్ణువర్ధన్ సికింద్రాబాద్ వాడు. అలా బెంగాల్ గడ్డ మీద జరిగిన ఒక ఫైనల్లో నెట్‌కు ఇటు ఒక తెలుగువాడు, అటు ఒక తెలుగువాడు నిలబడ్డారు.

భారత టెన్నిస్ గురించి మాట్లాడేటప్పుడు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లనూ డేవిస్ కప్ విజయాలనూ తలచుకుంటాం. ఆ విజయాలకు పునాది పడేది మాత్రం ఛాలెంజర్ డబుల్స్ లాంటి పోటీల్లోనే. మన ఆటగాళ్లలో చాలామంది ఏడాదిలో ఎక్కువ వారాలు ఆడేది ఇక్కడే, జోడీలు కుదుర్చుకునేదీ ఇక్కడే. ఈ పోటీ ఎలా నడుస్తుందో తెలియకుండా ఆ ఆటగాళ్ల జీవితాన్ని అర్థం చేసుకోవడం కష్టం.

రెండో అంచె

పురుషుల వృత్తి టెన్నిస్‌లో స్థూలంగా మూడు అంచెలున్నాయి. పైన నాలుగు గ్రాండ్‌స్లామ్‌లు, ఏటీపీ టూర్ టోర్నీలు ఉంటాయి. అన్నిటికన్నా కింద అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య (ఐటీఎఫ్) నడిపే చిన్న టోర్నీలు. వీటిని 2014లో ఫ్యూచర్స్ అనేవారు. ఛాలెంజర్లు ఈ రెండింటి మధ్యన వస్తాయి. ఈ టోర్నీల వ్యవస్థ 1978లో మొదలైంది. ఇప్పుడు వీటిని 50, 75, 100, 125, 175 అనే శ్రేణులుగా విభజించారు. విజేతకు దక్కే ర్యాంకింగ్ పాయింట్లనే ఆ అంకెలు సూచిస్తాయి. ఛాలెంజర్ 100లో గెలిచిన జోడీలో ఒక్కొక్కరికీ 100 పాయింట్లు వస్తాయి. గ్రాండ్‌స్లామ్ గెలిచినవారికి వచ్చేవి 2000 పాయింట్లు. రెండు అంచెల మధ్య ఎంత దూరముందో ఈ ఒక్క పోలికలో తెలుస్తుంది.

పాయింట్లు 52 వారాలు నిలుస్తాయి. నిరుడు ఇదే వారం గెలిచిన పాయింట్లు ఈ వారం రాలిపోతాయి, వాటికి బదులు కొత్తవి సంపాదించకపోతే ర్యాంకు దిగిపోతుంది. అందుకే ఛాలెంజర్ ఆటగాడికి ఒక టైటిల్ గెలిచామన్న నిశ్చింత ఎక్కువ కాలం ఉండదు. ఆదివారం ట్రోఫీ అందుకుని, సోమవారానికల్లా మరో ఊళ్లో మొదటి రౌండ్‌కు సిద్ధమవుతాడు.

డ్రాలోకి ఎవరు వస్తారు

ఛాలెంజర్ డబుల్స్ డ్రాలో సాధారణంగా 16 జోడీలుంటాయి. నాలుగు మ్యాచ్‌లు గెలిస్తే టైటిల్. అయితే ఆ 16లో చోటు దక్కడమే మొదటి గెలుపు. జోడీలో ఇద్దరి ర్యాంకులనూ కలుపుతారు. ఆ మొత్తం ఎంత తక్కువగా ఉంటే ప్రవేశం అంత సులువు. సింగిల్స్ ర్యాంకు మెరుగ్గా ఉన్నవాళ్లు దాన్ని కూడా వాడుకోవచ్చు. దీనివల్ల డబుల్స్ మీదే ఆధారపడిన జోడీ ఒక్కోసారి వారమంతా ఎదురుచూసి చివరకు బయటే ఉండిపోతుంది. ఆ వారం ఇద్దరు సింగిల్స్ ఆటగాళ్లు సరదాగా జతకట్టి లోపలికి వస్తారు. నిర్వాహకులకు కొన్ని వైల్డ్‌కార్డులు ఉంటాయి. సాధారణంగా వాటిని ఆతిథ్య దేశపు యువకులకు ఇస్తారు. మన దేశంలో ఛాలెంజర్లు జరగాలని టెన్నిస్ ప్రేమికులు పట్టుబట్టడానికి ఇదొక బలమైన కారణం. ర్యాంకు చాలని కుర్రాడికి సొంత గడ్డ మీద ఒక్క వైల్డ్‌కార్డు దొరికితే, యూరప్ వెళ్లి నెలలపాటు తిరిగినా రాని అవకాశం వచ్చినట్టే.

ర్యాంకుల లెక్క జోడీల స్వభావాన్ని కూడా మారుస్తుంది. తనకంటే బాగా ఆడే భాగస్వామి కావాలని ఎవరైనా కోరుకుంటారు, కానీ ర్యాంకు మంచిదైనవాడు తన స్థాయివాడినే వెతుక్కుంటాడు. ఒకడు గాయపడితే రెండోవాడికి ఆ వారం ఆట పోయినట్టే. మరో ఊళ్లో ఖాళీగా ఉన్నవాడెవరో కనుక్కోవాలి, ప్రవేశ గడువు దాటకముందే ఇద్దరి పేర్లూ కలిపి పంపాలి. స్థిరమైన జోడీ ఉండటమే ఒక ఆస్తి అని డబుల్స్ ఆడేవాళ్లు చెప్పేది ఇందుకే.

ఆట నియమాలు, వాటి ప్రభావం

టెన్నిస్ కోర్టు పొడవు 23.77 మీటర్లు. సింగిల్స్‌కు వెడల్పు 8.23 మీటర్లు, డబుల్స్‌కు 10.97 మీటర్లు. అదనంగా వచ్చేది రెండు పక్కలా 1.37 మీటర్ల చొప్పున ఉండే సన్నటి పట్టీ. కోర్టులోకి మరో ఇద్దరు వచ్చినా, పెరిగిన వెడల్పు అంతే. కాబట్టి ఖాళీ స్థలం సింగిల్స్ కన్నా తక్కువ. బంతిని బేస్‌లైన్ నుంచి బలంగా కొట్టి గెలవడం కష్టం. ఎక్కడ కొట్టినా ఎవరో ఒకరి రాకెట్‌కు అందుతుంది. పాయింటు తేలేది నెట్ దగ్గర.

ఏటీపీ టోర్నీల్లో 2006 నుంచి డబుల్స్‌కు రెండు మార్పులు స్థిరపడ్డాయి. ఛాలెంజర్లలో కూడా అవే అమలవుతాయి. మొదటిది, 40-40 దగ్గర అడ్వాంటేజ్ ఉండదు. ఒక్క పాయింటుతో గేమ్ తేలిపోతుంది. ఆ పాయింటుకు సర్వీస్‌ను ఏ పక్క నుంచి అందుకోవాలో రిటర్న్ చేసే జోడీ నిర్ణయించుకుంటుంది. రెండోది, చెరో సెట్ గెలిస్తే మూడో సెట్ ఆడరు. దాని బదులు సూపర్ టైబ్రేక్ ఉంటుంది. ముందుగా 10 పాయింట్లకు చేరి, కనీసం 2 పాయింట్ల ఆధిక్యం సాధించినవాళ్లు గెలుస్తారు. గ్రాండ్‌స్లామ్ పురుషుల డబుల్స్‌లో మాత్రం మూడో సెట్ పూర్తిగా ఆడతారు. వింబుల్డన్‌లో 2022 దాకా అయిదు సెట్ల ఆటే ఉండేది, 2023 నుంచి మూడుకు తగ్గించారు.

ఈ మార్పులు మ్యాచ్‌లను త్వరగా ముగించేందుకు వచ్చాయి. సింగిల్స్ ఆడేవాళ్లు అలసిపోకుండా డబుల్స్‌లోకి కూడా రావాలన్నది ఉద్దేశం. అయితే వీటివల్ల అదృష్టం పాత్ర పెరిగిందన్న విమర్శలో నిజముంది. గంటసేపు మెరుగ్గా ఆడిన జోడీ సూపర్ టైబ్రేక్‌లో రెండు పాయింట్లు తడబడితే ఇంటిదారి పడుతుంది. మరోపక్క, సర్వీస్ పదును ఉన్న ఇద్దరు కలిస్తే ర్యాంకుతో పనిలేకుండా ఎవరినైనా ఓడించే అవకాశమూ ఇక్కడే పుట్టింది. మన ఆటగాళ్లకు ఈ నియమాలు నష్టం కన్నా మేలే ఎక్కువ చేశాయని నా అభిప్రాయం. ఎత్తు, బలమైన సర్వీస్, నెట్ దగ్గర చురుకుదనం ఉన్నా, అయిదారు గంటలు బేస్‌లైన్ నుంచి పోరాడే శరీర దారుఢ్యం లేనివాళ్లకు ఇది నిలదొక్కుకునే మార్గమైంది.

సర్వీస్ చేసేవాడి భాగస్వామి నెట్ దగ్గర నిలబడి వీపు వెనక వేళ్లతో సంకేతాలిస్తాడు. సర్వీస్ ఎటు వెయ్యాలో, తాను అడ్డంగా దూకుతాడో ఉన్నచోటే ఉంటాడో ఆ వేళ్లలోనే ఉంటుంది. కొన్నిసార్లు అతడు మధ్య గీత మీదే కిందికి వంగి కూర్చుంటాడు. రిటర్న్ చేసేవాడికి అతడు ఎటు లేస్తాడో తెలియదు. దీన్ని ఐ ఫార్మేషన్ అంటారు. ఛాలెంజర్ కోర్టుల్లో ప్రేక్షకులు కోర్టుకు బాగా దగ్గరగా కూర్చుంటారు కాబట్టి ఈ గుసగుసలు, సంకేతాలు పెద్ద స్టేడియంలో కన్నా స్పష్టంగా కనిపిస్తాయి. డబుల్స్ నేర్చుకోవాలనుకునే పిల్లలకు ఇంతకన్నా మంచి బడి లేదు.

కోల్‌కతా, సౌత్ క్లబ్

హుగ్లీ ఒడ్డున ఉన్న కోల్‌కతా తెలుగువారికి కొత్త కాదు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలోని గంజాం, విశాఖ జిల్లాల నుంచి ఎన్నో కుటుంబాలు ఆ నది పొడవునా ఉన్న జనపనార మిల్లులకు వలస వెళ్లాయి.

నగరంలోని వుడ్‌బర్న్ పార్కులో కలకత్తా సౌత్ క్లబ్ ఉంది. 1920లో ఏర్పడిన ఈ క్లబ్ పచ్చిక కోర్టులకు ప్రసిద్ధి. జైదీప్ ముఖర్జీ, ప్రేమ్‌జిత్ లాల్, అఖ్తర్ అలీ ఈ నగరం నుంచి వచ్చినవాళ్లే. పచ్చిక మీద బంతి తక్కువ ఎత్తులో, వేగంగా జారుతుంది. సర్వీస్ చేసి నెట్‌కు పరుగెత్తకపోతే పాయింటు నిలవదు. డబుల్స్‌కు కావలసిన అలవాట్లన్నీ పచ్చిక కోర్టు చిన్నప్పటి నుంచే నేర్పుతుంది. భారత టెన్నిస్ జోడీల ఆటలో రాణించడానికి సౌత్ క్లబ్ లాంటి పచ్చిక కోర్టులు ఒక ముఖ్య కారణం. దీన్ని మన టెన్నిస్ చరిత్రలో తగినంతగా గుర్తించలేదు.

1966లో డేవిస్ కప్ అంతర్‌మండల ఫైనల్ కలకత్తాలోనే జరిగింది. బ్రెజిల్‌తో స్కోరు 2-2గా ఉన్నప్పుడు చివరి మ్యాచ్‌లో రామనాథన్ కృష్ణన్, థామస్ కాచ్ మీద రెండు సెట్లు ఒకటితో వెనకబడి, నాలుగో సెట్‌లో 2-5 దగ్గర నుంచి తేరుకుని గెలిచాడు. ఆ గెలుపుతో భారత్ మొదటిసారి ఛాలెంజ్ రౌండ్‌కు, అంటే తుది పోరుకు, చేరింది. మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా చేతిలో 1-4తో ఓడిపోయినా, మనకు దక్కిన ఆ ఒక్క విజయం డబుల్స్‌లో వచ్చింది. కృష్ణన్, జైదీప్ ముఖర్జీ కలిసి జాన్ న్యూకంబ్, టోనీ రోచ్ జోడీని ఓడించారు. ఆ తరంలో ప్రపంచంలోనే గొప్ప జోడీల్లో న్యూకంబ్, రోచ్ ఒకటి. కోల్‌కతా డబుల్స్ చరిత్రలో ఆ విజయం స్థానం చాలా పెద్దది.

1973లో ఇదే నగరంలో పుట్టిన లియాండర్ పేస్ డబుల్స్‌ను మరో మెట్టుకు తీసుకెళ్లాడు. పురుషుల డబుల్స్‌లో 8, మిక్స్‌డ్ డబుల్స్‌లో 10 గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు అతడివి. 1999లో మహేశ్ భూపతితో కలిసి నాలుగు గ్రాండ్‌స్లామ్ ఫైనళ్లకూ చేరి, ఫ్రెంచ్, వింబుల్డన్ గెలిచాడు. డేవిస్ కప్ డబుల్స్‌లో 43 విజయాలతో ప్రపంచ రికార్డు 2018లో అతడి పేరు మీదికి వచ్చింది. అంతటి ఆటగాడు పుట్టిన నగరంలో 2014లో ఛాలెంజర్ జరిగితే, డబుల్స్ ఫైనల్ ఆడిన నలుగురూ భారతీయులే కావడం యాదృచ్ఛికమేమీ కాదు.

2014 ఫిబ్రవరి: మూడు నగరాలు, మూడు వారాలు

ఆ ఏడాది ఫిబ్రవరిలో చెన్నై, కోల్‌కతా, ఢిల్లీ వరుసగా మూడు వారాలు ఛాలెంజర్లకు ఆతిథ్యమిచ్చాయి. ఇలా ఒకే దేశంలో వరుస టోర్నీలుండటం విదేశీయులకూ మనవాళ్లకూ లాభం. ఒకసారి వచ్చి మూడు టోర్నీలు ఆడుకోవచ్చు, విమాన ఖర్చు మూడు వారాలకు పంచుకోవచ్చు.

చెన్నైలో యూకీ భాంబ్రీ సింగిల్స్ గెలవడంతో పాటు న్యూజిలాండ్‌కు చెందిన మైకేల్ వీనస్‌తో కలిసి డబుల్స్ కూడా గెలిచాడు. తర్వాతి వారం పోటీ కోల్‌కతాకు మారింది. సాల్ట్‌లేక్‌లోని బెంగాల్ టెన్నిస్ అసోసియేషన్ కోర్టుల్లో, హార్డ్ కోర్టు మీద ఆడారు. ప్రైజ్‌మనీ మొత్తం 50 వేల డాలర్లు. సింగిల్స్‌లో సెర్బియాకు చెందిన ఇలియా బోజోల్యాక్ రష్యా ఆటగాడు ఎవ్‌గెనీ డోన్‌స్కాయ్‌ను ఓడించాడు.

డబుల్స్ ఫైనల్ అంతకంటే హోరాహోరీగా సాగింది. సాకేత్, సనమ్ మొదటి సెట్‌ను 6-3తో గెలిచారు. దివిజ్, విష్ణు అదే స్కోరు 6-3తో రెండో సెట్ గెలిచి లెక్క సమం చేశారు. సూపర్ టైబ్రేక్‌లో సాకేత్ జోడీ 10-4తో ముగించింది. రెండు జోడీలూ చెరో సెట్ సమానంగా పంచుకుని, చివరి 14 పాయింట్లలో విడిపోయాయి. నియమాల ప్రభావం గురించి పైన చెప్పుకున్నది ఈ మ్యాచ్‌లోనే కనిపిస్తుంది. పాత పద్ధతిలో మూడో సెట్ ఆడి ఉంటే దివిజ్, విష్ణులకు తేరుకోవడానికి సమయం దొరికేది.

ఆ మరుసటి వారం ఢిల్లీలో కూడా సాకేత్, సనమ్ విజేతలయ్యారు. ఫైనల్లో థాయ్‌లాండ్ కవలలు సాంచాయ్, సోంచాట్ రతివతనలను ఓడించారు. కవలల జోడీ అంటే చిన్ననాటి నుంచీ కలిసి ఆడినవాళ్లు. వాళ్లను ఓడించడం మన జోడీకి మంచి గుర్తింపు తెచ్చింది. ఢిల్లీలో సింగిల్స్ టైటిల్ సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్‌ది. మూడు వారాల్లో మూడు డబుల్స్ టైటిళ్లలోనూ భారతీయులు ఉన్నారన్నది ఆ నెలకు సంబంధించి మిగతా అన్నిటికన్నా చెప్పుకోదగ్గ విషయం.

నెట్‌కు ఇటూ అటూ

సాకేత్ మైనేని 1987లో పుట్టాడు. అమెరికాలో అలబామా విశ్వవిద్యాలయం తరఫున కళాశాల టెన్నిస్ ఆడి వచ్చాడు. పొడవైన మనిషి, పెద్ద సర్వీస్. సనమ్ సింగ్ చండీగఢ్ వాడు, వర్జీనియా విశ్వవిద్యాలయంలో చదివాడు. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సోమ్‌దేవ్‌తో కలిసి పురుషుల డబుల్స్ స్వర్ణం అప్పటికే సాధించాడు. అమెరికా కళాశాల టెన్నిస్‌లో డబుల్స్‌కు ప్రాధాన్యం ఎక్కువ. జట్టు స్కోరులో దానికి వాటా ఉంటుంది, కాబట్టి అక్కడ చదివినవాళ్లు జోడీ ఆటను శ్రద్ధగా నేర్చుకుంటారు. కోల్‌కతా విజేతలిద్దరూ ఆ దారిలో వచ్చినవాళ్లే కావడం గమనించాలి. చదువు మానేసి టోర్నీల వెంట తిరగడం ఒక్కటే మార్గమని నమ్మే తల్లిదండ్రులకు ఈ ఇద్దరి జీవితం మరో మార్గం చూపిస్తుంది.

ఓడిన జోడీలో విష్ణువర్ధన్ కథ మరింత ఆసక్తికరం. అతడూ 1987లోనే పుట్టాడు. 2010 గ్వాంగ్‌జౌలో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్‌లో రజతం గెలిచాడు. రెండేళ్లకు 2012 లండన్ ఒలింపిక్స్ సమయంలో భారత జట్టు ఎంపిక వివాదంగా మారింది. పేస్‌తో ఆడేందుకు భూపతి, రోహన్ బోపన్న ఒప్పుకోకపోవడంతో అఖిల భారత టెన్నిస్ సంఘం రెండు జోడీలను పంపింది. పేస్ పక్కన విష్ణువర్ధన్‌కు చోటు దక్కింది. వింబుల్డన్ పచ్చిక మీద జరిగిన ఆ ఒలింపిక్స్‌లో పేస్, విష్ణు తొలి రౌండ్‌లో నెదర్లాండ్స్‌కు చెందిన రాబిన్ హాస్, జాన్ జూలియన్ రోయర్‌లను ఓడించారు. రెండో రౌండ్‌లో ఫ్రాన్స్‌కు చెందిన జో విల్‌ఫ్రెడ్ సోంగా, మిషెల్ లోద్రా చేతిలో మూడు సెట్లలో ఓడారు. ఆ ఫ్రెంచ్ జోడీ చివరకు రజతం గెలిచింది. జర్మనీ ఆటగాడు ఫిలిప్ కోల్‌ష్రైబర్ తప్పుకోవడంతో విష్ణుకు సింగిల్స్‌లోనూ ఆడే అవకాశం వచ్చింది.

ఒలింపిక్స్‌లో వింబుల్డన్ కోర్టుల మీద ఆడిన మనిషి ఏడాదిన్నరకే సాల్ట్‌లేక్‌లో 50 వేల డాలర్ల టోర్నీ ఆడుతున్నాడంటే కొందరికి అది పతనంగా తోచవచ్చు. అలా చూడటం పొరపాటు. ప్రపంచంలో అగ్రశ్రేణి పక్కన కొద్దికాలం నిలిచిన ఆటగాడు కూడా ఛాలెంజర్‌లోనే వారం వారం పాయింట్లు కూడగట్టాలి. వృత్తి టెన్నిస్‌లో ఇది మామూలు జీవితం. ఒక్క ఒలింపిక్స్ ఆట పేరు తెస్తుంది కానీ ర్యాంకు నిలబెట్టదు.

దివిజ్ శరణ్ ఢిల్లీ ఎడమచేతి ఆటగాడు. 2013లోనే పురవ్ రాజాతో కలిసి బొగోటాలో ఏటీపీ టూర్ టైటిల్ గెలిచి ఉన్నాడు. అయిదేళ్ల తర్వాత, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో రోహన్ బోపన్నతో కలిసి స్వర్ణం అందుకున్నాడు. 2019 ఫిబ్రవరిలో మళ్లీ కోల్‌కతా వచ్చాడు. ఈసారి సౌత్ క్లబ్ పచ్చిక మీద, ఇటలీతో డేవిస్ కప్. భారత్ 1-3తో ఓడిపోయింది, గెలిచిన ఒక్క మ్యాచ్ డబుల్స్. బోపన్న, దివిజ్ కలిసి మొదటి సెట్ పోగొట్టుకుని కూడా మాతేవో బెరెటినీ, సిమోనే బొలెల్లి జోడీని ఓడించారు. 1966లో మెల్‌బోర్న్‌లో జరిగినట్టే సింగిల్స్ చేతులెత్తేసిన చోట డబుల్స్ ఆదుకుంది.

సాకేత్‌కు 2014 మంచి ఏడాది. ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం, సనమ్‌తో కలిసి పురుషుల డబుల్స్ రజతం గెలిచాడు. డబుల్స్ ఫైనల్లో దక్షిణ కొరియాకు చెందిన లిమ్ యాంగ్ క్యూ, చుంగ్ హ్యాన్ చేతిలో ఓడారు. సానియా పక్కన ఆసియా క్రీడల మిక్స్‌డ్ ఆడినవాళ్లను వరసగా చూస్తే 2006 దోహాలో లియాండర్ పేస్‌తో స్వర్ణం, 2010లో విష్ణువర్ధన్‌తో రజతం, 2014లో సాకేత్‌తో స్వర్ణం. కోల్‌కతా ఫైనల్లో పోటీపడిన ఇద్దరు తెలుగువాళ్లూ హైదరాబాద్ అమ్మాయితో కలిసి దేశానికి పతకాలు తెచ్చారు. 2016లో సాకేత్ క్వాలిఫయర్లు గెలిచి యూఎస్ ఓపెన్ సింగిల్స్ ప్రధాన డ్రాలోకి చేరాడు. మొదటి రౌండ్‌లో చెక్ ఆటగాడు జిరీ వెసెలీతో అయిదు సెట్లు పోరాడి ఓడాడు.

మహిళల వైపు

మహిళల టెన్నిస్‌లో అంచెల లెక్క వేరు. 2005 నుంచి 2007 దాకా కోల్‌కతా నేతాజీ ఇండోర్ స్టేడియంలో జరిగిన సన్‌ఫీస్ట్ ఓపెన్ మహిళల పై అంచె అయిన డబ్ల్యూటీఏ టూర్‌లోదే, కానీ అప్పటి విభజనలో మూడో శ్రేణి టోర్నీ. 2006లో అక్కడ సింగిల్స్ మార్టినా హింగిస్ గెలిస్తే, డబుల్స్ సానియా మీర్జా, లీజెల్ హ్యూబర్ గెలిచారు. ఫైనల్లో యుక్రెయిన్‌కు చెందిన యూలియా బేగెల్‌జైమర్, యులియానా ఫెదాక్ మీద 6-4, 6-0తో నెగ్గారు. సానియా తొలి డబ్ల్యూటీఏ డబుల్స్ టైటిల్ కూడా హ్యూబర్‌తోనే, 2004 హైదరాబాద్ ఓపెన్‌లో వచ్చింది. ఆ దారి 2015 ఏప్రిల్‌లో ప్రపంచ డబుల్స్ నంబర్ వన్ ర్యాంకు దాకా సాగింది. 2012 నుంచి డబ్ల్యూటీఏ 125 పేరుతో పురుషుల ఛాలెంజర్లకు సాటి వచ్చే మహిళల టోర్నీలు మొదలయ్యాయి. భారత్‌లో తొలిసారి ఇవి పుణెలో, తర్వాత ముంబయిలో జరిగాయి.

డబ్బు

ఛాలెంజర్ ప్రైజ్‌మనీలో పెద్ద వాటా సింగిల్స్‌కే పోతుంది. డబుల్స్‌కు వచ్చేది ఇద్దరూ పంచుకోవాలి. మొదటి రౌండ్‌లో ఓడిన జోడీకి దక్కేది విమాన టిక్కెట్టుకు కూడా సరిపోదు. కోచ్‌ను వెంట తీసుకెళ్లాలంటే మరో మనిషి ఖర్చు. 2014 నాటి టోర్నీల జాబితాల్లో ప్రైజ్‌మనీ పక్కన ప్లస్ గుర్తు, హెచ్ అక్షరం కనిపించేవి. హోటల్ వసతి ఉచితమని దాని అర్థం. హోటల్ ఇచ్చే టోర్నీకీ ఇవ్వని టోర్నీకీ మధ్య ఎంపికే చాలామందికి వారం లెక్కను తేల్చేది. 2019 సంస్కరణల్లో ఈ వసతిని విస్తరించారు.

అయినా డబుల్స్ ఆటగాళ్ల పరిస్థితి పెద్దగా మారలేదు. జోడీల ఆటను టెలివిజన్ తక్కువగా చూపిస్తుంది, పత్రికల్లో స్కోరు ఒక్క వాక్యంలో వస్తుంది, స్పాన్సర్లు సింగిల్స్ ర్యాంకు అడుగుతారు. మన దేశంలో సింగిల్స్ కన్నా డబుల్స్‌లోనే ఎక్కువ విజయాలు వచ్చాయని తెలిసి కూడా మన పత్రికలు ఈ పద్ధతినే పాటించడం బాధాకరం. ఫిబ్రవరి నెలలో తెలుగు కుర్రాడు చెన్నైలో ఛాలెంజర్ ఫైనల్ ఆడితే ఆ వార్త విజయవాడ, హైదరాబాద్ ఎడిషన్లలో కనీసం పావు పేజీ రావాలి. అప్పుడే తర్వాతి తరం పిల్లలకు ఈ దారి ఒకటి ఉందని తెలుస్తుంది.

పదేళ్ల తర్వాత

సాకేత్ 2014 తర్వాత గాయాలతో ఇబ్బందిపడ్డా ఆట మానలేదు. 2022లో యూకీ భాంబ్రీతో జోడీ కట్టి ఒక్క ఏడాదిలోనే 6 ఛాలెంజర్ టైటిళ్లు గెలిచాడు. 35 ఏళ్ల వయసు చేరువలో ఇది అసాధారణం. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రామ్‌కుమార్ రామనాథన్‌తో కలిసి రజతం అందుకున్నాడు. 2024 ఫిబ్రవరిలో చెన్నై, బెంగళూరు ఛాలెంజర్లలో అదే జోడీ డబుల్స్ టైటిళ్లు గెలిచింది.

చెన్నై ఫైనల్లో వాళ్ల ఎదుట నిలిచింది నిక్కీ పూణచ్చ, రిత్విక్ చౌదరి బొల్లిపల్లి. రిత్విక్ హైదరాబాద్ ఆటగాడు. పదేళ్ల కిందట కోల్‌కతాలో తన వయసువాడైన విష్ణువర్ధన్‌ను ఎదుర్కొన్న సాకేత్, చెన్నైలో తన తర్వాతి తరపు తెలుగు ఆటగాణ్ణి ఎదుర్కొన్నాడు. ఆ ఫైనల్ కూడా మొదటి సెట్ ఒకరికి, రెండోది మరొకరికి పోయి సూపర్ టైబ్రేక్‌తోనే ముగిసింది.

ఛాలెంజర్ డబుల్స్ ఎక్కడికి దారి తీస్తుందో ఈ ఆటగాళ్ల తర్వాతి అడుగుల్లోనే కనిపిస్తుంది. యూకీ 2024 ఏప్రిల్‌లో అల్బానో ఒలివెట్టీతో మ్యూనిక్‌లో ఏటీపీ టూర్ టైటిల్ గెలిచాడు. 2025లో మైకేల్ వీనస్‌తో కలిసి యూఎస్ ఓపెన్ సెమీఫైనల్ చేరాడు. చెన్నై ఛాలెంజర్ డబుల్స్‌ను 2014లో గెలిచింది ఈ ఇద్దరే. రిత్విక్, చెన్నై ఓటమి తర్వాత ఎనిమిది నెలలకు, 2024 అక్టోబరులో అర్జున్ కధేతో కలిసి కజకిస్తాన్‌లోని అల్మాటీ ఓపెన్ గెలిచాడు. అది ఇద్దరికీ తొలి ఏటీపీ టూర్ టైటిల్. నికోలస్ బారియెంటోస్, స్కాండర్ మన్సూరీ జోడీతో జరిగిన ఆ ఫైనల్ సూపర్ టైబ్రేక్‌లో 14-12 దాకా వెళ్లింది.